పాలమూరు అంటే లేబర్ ఒక్కటేనా?

గల్ఫ్ క్యాంపుల్లోకి కొత్తగా ఎవరొచ్చినా మనవాళ్లు ముందుగా అడిగే మాట "ఏ జిల్లా అన్నా?" అని. కరీంనగర్ అన్నా, నిజామాబాద్ అన్నా వెంటనే "ఏ మండలం?" అనే రెండో ప్రశ్న వస్తుంది. అదే మహబూబ్‌నగర్ అంటే మాత్రం "ఓ... పాలమూరు లేబరా!" అంటారు. అది తిట్టు కాదు, వెక్కిరింత అంతకన్నా కాదు. చాలాసార్లు అందులో మెచ్చుకోలు కూడా ఉంటుంది. కానీ ఆ రెండు మాటలతోనే ఒక జిల్లా కథ మొత్తం అయిపోయినట్టు ఉంటుంది.

నిజానికి కథ అక్కడే మొదలు కావాలి. కృష్ణ, తుంగభద్ర లాంటి రెండు పెద్ద నదులు ఆనుకుని పారే జిల్లా జనం, తట్ట, పార పట్టుకుని ఎందుకు ఊరు విడిచారు? నేల మంచిది కాకనా? జనం చేతకాని వాళ్లా? ఈ రెండూ కావు. ఎందుకు కావో చూద్దాం.

కువైట్ కంటే పెద్ద జిల్లా

2016 అక్టోబర్ 11న జిల్లాలు విడగొట్టక ముందు ఉమ్మడి మహబూబ్‌నగర్ విస్తీర్ణం 18,432 చదరపు కిలోమీటర్లు. కువైట్ దేశం మొత్తం కలిపినా 18 వేల చదరపు కిలోమీటర్లు దాటదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విస్తీర్ణంలో అనంతపురం తర్వాత ఇదే పెద్దది. మండలాలే 64 ఉండేవి. 2011 జనాభా లెక్కల ప్రకారం జిల్లా జనాభా 40 లక్షల 53 వేలు. అక్షరాస్యత మాత్రం 55 శాతమే. అప్పటి 23 జిల్లాల్లో అట్టడుగు స్థానం మనదే.

ఇప్పుడు ఆ పెద్ద జిల్లా మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలైంది. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా వేరే జిల్లా అయింది. షాద్‌నగర్ దిక్కు మండలాలు రంగారెడ్డిలోకి, కొడంగల్ దిక్కువి వికారాబాద్‌లోకి పోయాయి. కాగితం మీద ఎన్ని ముక్కలైనా, ఊరవతల మనిషి అడిగితే మాత్రం అందరం "పాలమూరోళ్లమే".

ఇంత పెద్ద జిల్లాలో నేల అంతా ఒక్క తీరుగా ఉండదు. పడమర నారాయణపేట, మక్తల్ దిక్కు పోతే తెలుగుతో పాటు కన్నడం, మరాఠీ వినబడతాయి. దక్షిణాన కృష్ణ, తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల, ఆలంపూర్ ప్రాంతం నడిగడ్డ. అక్కడ నల్లరేగడి ఎక్కువ. పత్తి, మిరప బాగా పండుతాయి. పత్తి విత్తనం పంటకు గద్వాల పెట్టింది పేరు. నడుమ ఉన్న ఊళ్లు ఎక్కువగా ఎర్రచెల్క భూములు. జొన్న, ఆముదం, కంది, పల్లి పంటలు, గొర్రెల మందలు అక్కడి బతుకు. తూర్పున అచ్చంపేట, అమ్రాబాద్ దాటితే నల్లమల అడవి. అక్కడ చెంచులు తేనె, గడ్డలు, అడవి సరుకులు సేకరించి బతుకుతారు. ఆ అడవే ఇవాళ అమ్రాబాద్ పులుల అభయారణ్యం.

వాన మాత్రం జిల్లాకు ఏడాదికి సగటున 600 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అదీ రావలసినప్పుడు రాదు. రెండు వానలు తప్పితే చెల్కలో వేసిన విత్తనం చెల్కలోనే మాడిపోతుంది.

పాలమూరు ఎట్లా మహబూబ్‌నగర్ అయింది

ఈ ప్రాంతాన్ని ఒకప్పుడు చోళవాడి అనేవాళ్లని చరిత్రలో ఉంది. జిల్లా కేంద్రానికి రుక్మమ్మపేట, పాలమూరు అనే పేర్లుండేవి. 1883 నుంచి అది జిల్లా కేంద్రం. 1890 డిసెంబర్ 4న ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీద మహబూబ్‌నగర్ అని మార్చారు. కాగితాల మీద పేరు మారి 130 ఏండ్లు దాటినా జనం నోట పాలమూరే మిగిలింది.

చరిత్ర అంటే నిజాం కాలం ఒక్కటే కాదు. ఆలంపూర్‌లో తుంగభద్ర ఒడ్డున ఉన్న నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల కాలంవి. అంటే దాదాపు 1,300 ఏండ్ల కిందటి రాతి పని. అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటైన జోగులాంబ గుడి కూడా అక్కడే. పాత గుడి ఎప్పుడో దాడుల్లో కూలిపోతే, ఇప్పుడున్న గుడిని 2005లో కట్టారు.

నిజాం పాలనలో ఈ జిల్లాలో గద్వాల, వనపర్తి, జటప్రోలు, ఆత్మకూరు, గోపాలపేట సంస్థానాలుండేవి. పండితులను ఆదరించడంలో ఇవి ఒకదానితో ఒకటి పోటీ పడేవి. జటప్రోలు సంస్థానం వాళ్లు తర్వాత కొల్లాపూర్‌ను రాజధాని చేసుకున్నారు. వనపర్తి రాజభవనంలో 1959లో ప్రభుత్వ పాలిటెక్నిక్ పెట్టారు. ఒకప్పుడు రాజుగారుండే మేడలో రైతుల పిల్లలు, కూలీల పిల్లలు సివిల్, మెకానికల్ డిప్లొమాలు చదివారు. లెవెల్ యంత్రం, టేపు పట్టుకుని సైట్ల మీదికి వచ్చిన మనవాళ్లలో ఆ మేడ మెట్లెక్కినవాళ్లు ఎందరో.

నది కింద, నేల పైన

అసలు విషయానికొద్దాం. నది పక్కనే ఉండి నీళ్లు ఎందుకు లేవు? సైట్ల మీద లెవెల్స్ చూసే పని నాది కాబట్టి ఆ భాషలోనే చెప్తాను.

జూరాల దగ్గర కృష్ణమ్మ నిండుగా ఉన్నప్పుడు నీటి మట్టం సముద్ర మట్టానికి 318 మీటర్ల పైచిలుకు. శ్రీశైలం డ్యాం నిండితే 885 అడుగులు, అంటే సుమారు 270 మీటర్లు. మహబూబ్‌నగర్ పట్టణం ఉన్నదేమో దాదాపు 500 మీటర్ల ఎత్తున. నీరు పల్లమెరుగు అంటారు కదా. కిందున్న నది నుంచి పైనున్న చెల్కకు నీళ్లు వాటంతటవి ఎక్కవు. అయితే మోటార్లతో ఎత్తిపోయాలి, లేదంటే నది ఎగువన ఎత్తు మీద ఆనకట్ట కట్టి కాలువ మళ్లించాలి.

ఆ రెండో దారి ఒకప్పుడు ఉండేది. పాత హైదరాబాద్ రాష్ట్రంలో రాయచూరు, గుల్బర్గా, మహబూబ్‌నగర్ ఒకే సర్కారు కింద ఉండేవి. ఎగువ కృష్ణ, భీమా, తుంగభద్ర ఎడమ కాలువల నుంచి పాలమూరు భూములకు నీళ్లు తేవాలని ఆ రోజుల్లో ఆలోచనలున్నాయి. 1956లో భాషా ప్రాతిపదికన రాష్ట్రాలు ఏర్పడ్డాయి. నది ఎగువ భాగం ఒక రాష్ట్రంలోకి, పాలమూరు ఇంకో రాష్ట్రంలోకి పోయాయి. ఆ కాలువలు సరిహద్దు దాటి రాలేదు. రాష్ట్రం విడిపోకుండా ఉంటే ఈ ప్రాంతానికి సాగునీళ్లు అందే అవకాశం మెరుగ్గా ఉండేదని కృష్ణా జలాలు పంచిన బచావత్ ట్రిబ్యునలే ఒప్పుకుంది. అందుకే జూరాలకు ప్రత్యేకంగా 17.84 టీఎంసీలు కేటాయించింది.

కేటాయింపు కాగితం మీద వచ్చింది 1970లలో. జూరాల శంకుస్థాపన 1981లో. నీళ్లు నిల్వ చేసే దశకు వచ్చేసరికి 1990లు సగం గడిచాయి. సుమారు లక్ష ఎకరాల ప్రాజెక్టుకు ఒక తరం పట్టింది.

తుంగభద్ర మీద రాజోలిబండ మళ్లింపు పథకం ఇంకో కథ. ఆనకట్ట రాయచూరు జిల్లాలో ఉంది, ఆయకట్టు ఎక్కువగా నడిగడ్డలో ఉంది. కాగితం మీద మనకు 87,500 ఎకరాలు. కాలువ చివరి పొలాలకు నీళ్లు చేరక దశాబ్దాల పాటు గొడవలే. తలుపు ఒకరి చేతిలో, దాహం ఇంకొకరిది అయితే ఇట్లాగే ఉంటుంది.

తట్ట, పార, గుంపు మేస్త్రీ

ఇంట్లో గింజలు నిండుకున్నప్పుడు మనిషి ఏం చేస్తాడు? పని ఉన్న కాడికి పోతాడు. పాలమూరు మనిషి పోయింది ఎక్కువగా డ్యాముల కాడికి, కాలువల కాడికి. నాగార్జునసాగర్ శంకుస్థాపన 1955 డిసెంబర్ 10న జరిగింది. కాలువలకు నీళ్లు వదిలింది 1967లో. అది రాతితో కట్టిన డ్యాం. సిమెంటు, ఇనుము, యంత్రాలు కొరతగా ఉన్న రోజుల్లో మనుషుల చేతుల మీద లేచిన కట్టడం. రాయి పగలగొట్టడం, మోయడం, పేర్చడం, మట్టి తవ్వడం, కట్ట పోయడం... ఆ పనుల్లో పాలమూరు గుంపులు ముందుండేవి. తర్వాత శ్రీశైలంలోనూ అంతే. ఆ తర్వాత దేశంలో ఎక్కడ కాలువ తవ్వినా, సొరంగం కొట్టినా, రైలు కట్ట పోసినా "పాలమూరు లేబర్"ను పిలిపించేవాళ్లు.

ఈ వలస ఉట్టిగా జరిగేది కాదు. దానికో పద్ధతుండేది. గుంపు మేస్త్రీ ఊళ్లోకొచ్చి అడ్వాన్స్ పంచేవాడు. పెండ్లి ఖర్చుకో, పాత అప్పుకో, వాన రాని ఏడాది తిండికో ఆ పైసలు అయిపోయేవి. ఇక ఆ బాకీ తీరేదాకా పని చేయాలి. చాలామంది భార్యాభర్తలు జంటగా పోయేవాళ్లు. పసిపిల్లలు వాళ్ల వెంట, బడి పిల్లలు ముసలోళ్ల దగ్గర. మట్టి పనికి తవ్విన గుంట పొడవు, వెడల్పు, లోతు కొలిచి లెక్క కట్టేవాళ్లు. కొలత పట్టేది మేస్త్రీ, లెక్క రాసేది మేస్త్రీ, అప్పు పుస్తకం ఉండేది మేస్త్రీ దగ్గర. అక్షరాస్యతలో జిల్లా అట్టడుగున ఉండటానికీ, ఆ పుస్తకం మేస్త్రీ దగ్గరే ఉండటానికీ సంబంధం లేదనుకుంటే పొరపాటు. చదువు రాక అప్పు లెక్క తెలియలేదు. అప్పు తీర్చడానికి పోయి పిల్లలకు చదువు రాలేదు.

ఇంకో దారి బొంబాయి. నారాయణపేట, కొడంగల్, మక్తల్ దిక్కు ఊళ్లు, తండాల జనం బొంబాయి, పుణె బాట పట్టారు. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి బొంబాయికి ఆర్టీసీ బస్సులు నడిచాయంటే ఆ రాకపోకలు ఎంతో అర్థం చేసుకోవచ్చు. బొంబాయిలో కామాఠీపుర అనే పేటకు ఆ పేరొచ్చింది కూడా తెలంగాణ ప్రాంతం నుంచి పోయి కట్టుబడి పనులు చేసిన కామాఠీల వల్లే. మనం విమానం ఎక్కి చేస్తున్న పనిని మన తాతల కాలంలోనే బండ్లెక్కి, రైళ్లెక్కి చేసినవాళ్లున్నారన్నమాట.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పుకోవాలి. రాతి కట్టుబడి, మట్టి కట్ట, సొరంగం లోపలి పని చూసినంత సులువు కాదు. ఏ రాయి ఎక్కడ కూర్చుంటుందో, ఏ మట్టి నీళ్లకు నిలుస్తుందో చేయి చెప్పాలి. అది నైపుణ్యం. దానికి సర్టిఫికెట్ ఇచ్చినవాడు లేడు కాబట్టి 'లేబర్' అన్నారు. ఇచ్చి ఉంటే మేసన్ అనేవాళ్లు, టెక్నీషియన్ అనేవాళ్లు.

నీళ్లు రాలేదు, మునక వచ్చింది

శ్రీశైలం డ్యాం పాలమూరుకు ఇచ్చింది ఏమిటంటే మొదట మునక. మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాలు రెండింటిలో కలిపి వంద దాకా ఊళ్లు నీళ్ల కింద పోయాయి. 1981లో ఊళ్లు ఖాళీ చేయించిన తీరును నిర్వాసితులు ఇప్పటికీ మరిచిపోలేదు. కృష్ణ ఒడ్డున ఉన్న మంచి పొలాలు, తోటలు, ఇండ్లు పోయాయి. గుళ్లను మాత్రం రాయి రాయి విప్పి, నంబర్లు వేసి, వేరే చోట మళ్లీ కట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం ఆలంపూర్‌కు వచ్చింది. సోమశిల, జటప్రోలు గుళ్లు కూడా అట్లాగే స్థలం మారాయి. రాళ్లను నంబర్ల ప్రకారం పేర్చి మళ్లీ గుడి చేయగలిగారు. ఊరును మాత్రం అట్లా పేర్చడం కుదరలేదు. చాలా కుటుంబాలు చెదిరిపోయి ఆ వలస గుంపుల్లోనే కలిశాయి.

కరువు జిల్లా అని పేరున్న ఈ నేలే 2009 అక్టోబర్ మొదట్లో వరదను కూడా చూసింది. తుంగభద్ర, కృష్ణ ఒక్కసారి పొంగి ఆలంపూర్ ప్రాంతాన్ని ముంచేశాయి. చేనేత ఊరు రాజోలిలో మగ్గాలు గుంటల్లోనే నీళ్లపాలయ్యాయి.

చేనేత, చదువు, పాట

గద్వాల చీర తెలియని తెలుగు ఇల్లు ఉండదు. ఒళ్లంతా నూలు, అంచు, కొంగు పట్టు. ఆ రెండింటినీ దారానికి దారం కలిపి నేయడమే గద్వాల నేతగాడి ప్రత్యేకత. నారాయణపేట చీర అంచు, గళ్లు చూస్తే మరాఠీ, తెలుగు అభిరుచులు కలిసిపోయినట్టు కనిపిస్తాయి. రెండింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. పెండ్లికి ఇంటికి పోయేటప్పుడు మనవాళ్లు కొనుక్కుపోయే పట్టుచీరల్లో ఇవి కూడా ఉంటే మన జిల్లా మగ్గం ఆడుతుంది.

సురవరం ప్రతాపరెడ్డి ఈ నడిగడ్డ మనిషి. 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో కవులే లేరని ఒకరు రాస్తే ఆయన వాదానికి దిగలేదు. ఊరూరికీ ఉత్తరాలు రాసి, 354 మంది కవుల వివరాలు, పద్యాలు సేకరించి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చేశారు. ఆయన రాసిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. రాజుల యుద్ధాలు కాదు, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏం ఆటలాడారు అన్నదే ఆ పుస్తకం. హైదరాబాద్ రాష్ట్రానికి 1952 ఎన్నికల తర్వాత ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావు కూడా ఈ జిల్లా వారే. ఊరి కన్నీళ్లను పాట కట్టి తెలుగు నేలంతా తిప్పిన గోరటి వెంకన్నది నాగర్‌కర్నూల్ దిక్కు గౌరారం.

దీపావళి పోయిన తర్వాత కురుమూర్తి జాతరకు వచ్చే జనాన్ని చూస్తే ఈ జిల్లా స్వభావం తెలుస్తుంది. అక్కడ స్వామివారి ఉద్దాలు, అంటే పాదరక్షలు, తోలు పని చేసే కుటుంబాల వాళ్లు నిష్ఠతో కుడితే ఊరేగింపుగా గుట్టకు తీసుకుపోతారు. చేతి పని చేసేవాడి పనికి దేవుడి కాళ్ల దగ్గర చోటున్న జాతర అది. దూరాన పనికి పోయినవాళ్లు దసరాకో, సంక్రాంతికో రాకపోయినా ఈ జాతరకు వచ్చిపోవాలని చూస్తారు.

నీళ్లొచ్చిన తర్వాత

ఇప్పుడు పరిస్థితి కొంత మారింది. మోటార్లతో ఎత్తిపోసే దారే చివరికి పట్టాలకెక్కింది. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ ఎత్తిపోతల పథకాలు వచ్చాయి. కల్వకుర్తి మొదటి దశ పంపులు 2012లో నడిచాయి. శ్రీశైలం వెనుక నీళ్లను మూడు దశల్లో పైకి ఎత్తి పోస్తారు. ఒకప్పుడు మన ఊళ్లను ముంచిన నీళ్లే కొంతైనా మన చెరువులకు తిరిగొచ్చాయి. పాలమూరు-రంగారెడ్డి పథకానికి 2015 జూన్ 11న శంకుస్థాపన జరిగింది. 2023 సెప్టెంబర్ 16న నార్లాపూర్ దగ్గర మొదటి పంపు తిప్పారు. ఆ ఒక్కో పంపు మోటారు సామర్థ్యం 145 మెగావాట్లు. అప్పటికి పొలాలకు పోయే కాలువల పని మాత్రం ఇంకా మిగిలే ఉంది. పంపు తిరగడం వేరు, మడి తడవడం వేరు. ఆ తేడా పాలమూరు రైతుకు చెప్పే పని లేదు.

నీళ్లు చేరిన ఊళ్లల్లో యాసంగి వరి కనబడుతోంది. నాట్లకు బయటి నుంచి కూలీలు వస్తున్నారు. ఒకప్పుడు మనం పోయినట్టే ఇప్పుడు బీహార్, బెంగాల్ వాళ్లు మన దిక్కు వస్తున్నారు. ఇందులో సంతోషం ఉంది, బాధ్యత కూడా ఉంది.

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం పైకప్పు కూలింది. నల్లమల కొండల కింద 44 కిలోమీటర్ల దాకా తవ్వాల్సిన సొరంగం అది. లోపల చిక్కుకున్నది ఎనిమిది మంది. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్ వాళ్లు. కూలీలూ ఉన్నారు, ఇంజనీర్లూ ఉన్నారు. మార్చి ఆఖరు దాకా వెతికితే దొరికినవి రెండు మృతదేహాలు. ఆ వార్త చూసి మన క్యాంపుల్లో చాలామందికి నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ సొరంగంలో ఇంతకుముందు తరాల్లో ఉండేది మనవాళ్లే. ఇతర రాష్ట్రాల డ్యాముల కాడ పాలమూరు మనిషి పడ్డ కష్టం, మన నేల మీద ఇంకో రాష్ట్రం మనిషికి పడకుండా చూడాలి. కూలి లెక్క, హెల్మెట్, ఉండే షెడ్డు, ఇంటికి పోయే దారి ఖర్చు... వీటి విలువ మనకు తెలిసినంత ఎవరికి తెలుసు? ఇంటి దగ్గర పొలం ఉన్నవాళ్లు, ఇల్లు కట్టిస్తున్నవాళ్లు ఈ సంగతి ఫోన్లో ఇంట్లోవాళ్లకు ఒక్క మాట చెప్పాలి.

ఇంకో పని ఉంది, అది ఆలస్యం చేయొద్దు

సాగర్ పనిలో 1960లో 18 ఏండ్ల పిల్లగాడిగా రాయి మోసిన మనిషికి ఇప్పుడు 80 దాటాయి. శ్రీశైలం పనికి పోయినవాళ్లు కూడా 70లు, 80లలో ఉన్నారు. డ్యాముల శిలాఫలకాల మీద శంకుస్థాపన చేసిన వాళ్ల పేర్లుంటాయి. రాయి మోసిన వాళ్ల పేర్లు, వాళ్ల గుంపుల లెక్కలు వాళ్ల ఇండ్లల్లో తప్ప దొరకడం కష్టం. ఇంకో పదేండ్లకు ఆ ఇండ్లల్లో కూడా దొరకవు.

తెలంగాణలో కవులు లేరంటే ప్రతాపరెడ్డి గారు ఉత్తరాలు రాసి 354 పేర్లు తెచ్చారు. మన చేతిలో ఉత్తరం కంటే సులువైన ఫోన్ ఉంది. శుక్రవారం సెలవు నాడు ఇంటికి ఫోన్ చేసినప్పుడు తాతనో, నాయనమ్మనో పిలిపించుకోండి. ఏ డ్యాం, ఏ ఏడాది, మేస్త్రీ ఏ ఊరోడు, ఎంత అడ్వాన్స్, ఏ పని, రోజుకు ఎంత పడేది, ఎవరు తిరిగొచ్చారు, ఎవరు రాలేదు అని అడగండి. మాట్లాడేదంతా రికార్డు చేయండి. చదువుకున్న పిల్లలుంటే వాళ్లతో కాగితం మీద రాయించండి. ఊరి పేరు, మనిషి పేరు, పని పేరు తప్పకుండా రాయించండి.

ఒక్కో ఊరి నుంచి పది పేర్లొచ్చినా వేల పేర్లవుతాయి. ఆ జాబితా చేతిలో ఉంటే "పాలమూరు లేబరా?" అని అడిగినవాళ్లకు "అవునన్నా, సాగర్ కట్టినోళ్లం" అని చెప్పడమే కాదు, ఎవరెవరు కట్టారో పేర్లతో సహా చదివి వినిపించొచ్చు.